కళ్ళతో టైపింగ్: ఐ ట్రాకర్‌తో నా ఎనిమిది నెలలు

ఈ రివ్యూలో ప్రతి అక్షరం కళ్ళతో కొట్టిందే. ఆపుకుంటూ, కళ్ళు మూసుకుంటూ రాస్తే మూడు రోజులు పట్టింది.

మెడలో నాలుగో వెన్నుపూస (సీ4) దగ్గర వెన్నుపాము దెబ్బతిని నాలుగేళ్ళయింది నాకు. మెడ కొంచెం తిరుగుతుంది, భుజాలు కాస్త పైకి లేస్తాయి, మాట బాగానే వస్తుంది. అందుకే "మాట ఉందిగా, వాయిస్ టైపింగ్ సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. మూడేళ్ళకి పైగా వాయిస్‌తోనే నెట్టుకొచ్చాను. తెలుగు కూడా బాగానే పట్టుకుంటుంది. కానీ నేను ఎవరికి ఏం రాసినా ముందు గదిలో ఉన్నవాళ్ళు వినాలి. విరేచనం కాని సంగతి డాక్టరుకి రాయాలన్నా, ఫ్రెండుకి దిగులు చెప్పుకోవాలన్నా, పాస్‌వర్డ్ కొట్టాలన్నా పైకి చదవాల్సిందే. రాత్రి అందరూ పడుకున్నాక అదీ కుదరదు.

చూపుని పట్టి కంప్యూటర్ నడిపే ఈ ట్రాకర్ వచ్చిన రెండో వారంలో ఒక రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రోజు పగలు అక్క మీద ఊరికే విసుక్కున్నాను. తను ఏమీ అనకుండా దుప్పటి సర్ది వెళ్ళిపోయింది. పక్క గదిలో ఉన్న తనకి 'క్షమించు' అని రాద్దామనిపించింది. క, పొల్లు, షిఫ్ట్, ష, మ, గుడి, సున్నా, చ, కొమ్ము. తొమ్మిది కీలు. ఒక్కొక్కదాని మీద చూపు ఆనించి, అది నొక్కుకునేదాకా కదలకుండా పట్టుకోవాలి. 'మ' దగ్గర రెండుసార్లు జారి పక్క కీ పడింది, చెరిపి మళ్ళీ కొట్టాను. 'పంపు' దాకా వచ్చేసరికి నాలుగు నిమిషాలు. నాలుగేళ్ళలో మూడో మనిషి చెవిన పడకుండా నేను ఒకరికి చెప్పిన మొదటి మాట అది. అక్క కూడా లేచి రాలేదు. పక్క గదిలోంచే జవాబు రాసి పంపింది.

ఇక వస్తువు సంగతి. జానెడు కంటే కాస్త పొడుగున్న బార్ ఇది, మానిటర్ కింది అంచుకి అతుక్కుంటుంది. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని మొహం మీదికి వదులుతుంది. ఆ కాంతి కార్నియా, అంటే నల్లగుడ్డు ముందున్న పారదర్శక పొర మీద చిన్న మెరుపుచుక్కలా పడుతుంది. ఆ చుక్కకీ కనుపాప నడిమికీ ఉన్న ఎడాన్ని కెమెరా కొలిచి, మనం తెర మీద ఎక్కడ చూస్తున్నామో లెక్క కడుతుంది. ముందు కాలిబ్రేషన్, అంటే మన కళ్ళకి తగ్గట్టు సర్దుకోవడం ఉంటుంది: తెర మీద చుక్క ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్తుంటే దాని వెంట చూడాలి, నిమిషం కూడా పట్టదు. మెడ కింద అంతా ఆగిపోయినా కళ్ళు ఎందుకు ఆడతాయని మా బంధువొకరు అడిగారు. కళ్ళని కదిలించే నరాలు మెదడుకాండం నుంచి నేరుగా వస్తాయి, వెన్నుపాములోంచి దిగవు. అందుకే నాలాంటివాళ్ళకి చూపు ఎప్పటిలాగే తిరుగుతుంది.

బ్రాండు పేరు రాయడం లేదు. ఈ రకం బార్లన్నిటిదీ ఇదే పద్ధతి, నేను పడ్డ ఇబ్బందులు కూడా చాలావరకు పద్ధతిలో ఉన్నవే.

మొదటి వారం నరకం. కన్ను చూడటానికి పుట్టింది, నొక్కడానికి కాదు. తెర మీద ఏదైనా చదువుతూ కాసేపు ఆగితే చాలు, అది నొక్కుకుపోతుంది. ముట్టుకున్నదల్లా బంగారమైపోయిన రాజు మైడాస్ పేరుతో దీన్ని 'మైడాస్ టచ్' అంటారు. సగం రాసిన ఉత్తరం అలాగే మూసుకుపోయింది ఒకసారి. విరుగుడు డ్వెల్ టైమ్, అంటే చూపు ఎంతసేపు నిలిస్తే క్లిక్‌గా తీసుకోవాలి అన్నది. అర సెకనుతో మొదలుపెట్టి అల్లాడిపోయాను. ఒకటిన్నర సెకన్లకి పెంచి, చెయ్యి తిరిగినట్టు చూపు తిరిగాక మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి ఇప్పుడు 0.8 దగ్గర ఆగాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు తొందరపడి తగ్గించకండి. పాజ్ బటన్‌ని తెర మూలన పెద్దగా పెట్టుకోండి. చదివేటప్పుడు దాన్ని ఒకసారి చూస్తే క్లిక్కులు ఆగిపోవాలి.

రెండోది గురి. తెరకి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఒక డిగ్రీ తేడా వస్తే చూపు సెంటీమీటరు పక్కకి పడుతుంది. చిన్న చిన్న బటన్ల వెబ్‌సైట్లలో జూమ్ లేకుండా పని జరగదు. తెలుగుకి నేను విండోస్‌లోని ఆన్‌స్క్రీన్ కీబోర్డే వాడుతున్నాను, ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీల అమరికతో. దాన్ని తెరలో సగం దాకా సాగదీసుకున్నాను. గుణింతాలకీ ఒత్తులకీ విడివిడిగా కీలు కొట్టాలి కాబట్టి ఇంగ్లీషు కంటే ఆలస్యం. అయినా అమ్మకి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపడం నాకు ఇష్టం లేదు.

అసలు గొడవంతా తెరని పట్టి ఉంచే స్టాండ్‌తో. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి నన్ను పక్కకి తిప్పుతారు. పక్కకి పడుకున్నాక రెండు కళ్ళూ ఒకదాని మీద ఒకటి వస్తాయి, బార్ మాత్రం అడ్డంగానే ఉంటుంది, నా కళ్ళు దానికి దొరకవు. తెరనీ బార్‌నీ కలిపి నా తల వాలుకి తిప్పాలి. మొదట వచ్చిన స్టాండ్‌కి అలా తిరిగే వీలు లేదు. మూడు నెలలు వెల్లకిలా ఉన్నప్పుడు మాత్రమే వాడగలిగాను. పైగా దాన్ని మంచానికి బిగించాం. కాళ్ళలో స్పాజం వచ్చి కండరాలు వాటంతటవే బిగుసుకున్నప్పుడల్లా మంచం ఊగి కాలిబ్రేషన్ చెదిరిపోయేది. ఇప్పుడు నేల మీద నిలబడే, అన్ని వైపులా తిరిగే స్టాండ్ ఉంది. ట్రాకర్ మంచిదా కాదా అని నెల రోజులు వెతికాను, ఆ శ్రద్ధలో సగం స్టాండ్ మీద పెట్టి ఉండాల్సింది.

ఎండ నేరుగా మొహం మీద పడితే ట్రాకర్‌కి కళ్ళు కనపడవు, ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కదా. కర్టెన్ వేస్తే సరి. రెప్ప వేయడం తగ్గిపోయి కళ్ళు పొడిబారతాయి. డాక్టరుని అడిగి చుక్కలు వాడుతున్నాను, అరగంటకోసారి కళ్ళు మూసుకుంటాను.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. దీన్ని కాలింగ్ బెల్‌గా నమ్ముకోకండి. నాలాగా వెన్నుపాము పై భాగంలో గాయమైనవాళ్ళకి మూత్రం గొట్టం మెలిపడినా చాలు, బీపీ ఒక్కసారిగా పెరిగి తల పగిలిపోయేంత నొప్పి రావచ్చు. ఆ క్షణంలో చూపు నిలిపి అక్షరాలు కొట్టే పరిస్థితి ఉండదు. నా చెంప పక్కన విడిగా ఒక స్విచ్ ఉంది, తల వాల్చి తాకితే మోగుతుంది. ట్రాకర్ వచ్చాక కూడా దాన్ని తీయనివ్వలేదు.

మెడ బాగా తిరిగేవాళ్ళైతే తల కదలికతో నడిచే హెడ్ మౌస్ ముందు చూడండి, గురి బాగా కుదురుతుంది. నాకు పది నిమిషాల్లో మెడ పట్టేసేది. 2024లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18లో ఫోన్ ముందు కెమెరాతోనే చూపుని గుర్తించే సదుపాయం ఇచ్చారు. ఆ సదుపాయం పనిచేసే ఐఫోన్ ఉంటే ఖర్చు లేకుండా దానితో ఒకసారి అలవాటు చేసుకోవచ్చు. కళ్ళతో టైప్ చేయడానికే తయారైన ఆప్టికీ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే.

కొనేముందు వారం రోజులు ట్రయల్‌కి ఇవ్వమని అడగండి. షోరూమ్‌లో నిటారుగా కూర్చోబెట్టి చూపిస్తే సరిపోదు. మీ మంచం మీద, మీ దిండు మీద, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాక చూడండి. అర్ధరాత్రి లైటు తీసేసి కూడా చూడండి.