స్మోర్స్ కుకీల కిట్: బరంపురం మే నెలలో చేసి చూస్తే

ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈ కిట్‌లో నాలుగు పొట్లాలు ఉన్నాయి: మైదా, చక్కెర, బేకింగ్ సోడా కలిపిన పొడి, చాక్లెట్ చిప్స్, డైజెస్టివ్ బిస్కెట్ల పొడి, చిన్న చిన్న మార్ష్‌మెలోలు (దూదిలా మెత్తగా ఉండే చక్కెర మిఠాయిలు). గుడ్డు అక్కరలేదు. 100 గ్రాముల వెన్న, మూడు చెంచాల పాలు మనం కలుపుకోవాలి. వెల 450 రూపాయలు, వచ్చేవి 12 కుకీలు.

స్మోర్స్ అమెరికావారి చలిమంట తిండి. మార్ష్‌మెలోను పుల్లకు గుచ్చి మంటపై కాల్చి, చాక్లెట్ ముక్కతో కలిపి, గ్రాహమ్ క్రాకర్స్ అనే గోధుమ బిస్కెట్ల మధ్య పెట్టి తింటారు. 1927 నాటి గర్ల్ స్కౌట్ల పుస్తకంలోనే దీని తయారీ విధానం ఉంది. ‘సమ్ మోర్’, అంటే ‘ఇంకొంచెం’, అని అడిగించే తిండి కాబట్టి ఆ పేరు. గ్రాహమ్ క్రాకర్స్ మన వైపు దొరకవు కనుక డైజెస్టివ్ బిస్కెట్ల పొడి ఇవ్వడం తెలివైన పనే, ఆ ముతక గోధుమ రుచి కుకీలో బాగా తెలిసింది.

చిక్కంతా వేడితో వచ్చింది. వెన్నను ‘గది ఉష్ణోగ్రతకు’ తేవాలని డబ్బా మీద రాశారు గాని, మే నెలలో మా వంటింటి గది ఉష్ణోగ్రత అంటే వెన్న నెయ్యిలా పారడమే. అలా కరిగిన వెన్నతో కలిపిన మొదటి విడత ఆరూ ట్రేలో ఒకదానికొకటి అంటుకుని అట్టులా పరుచుకున్నాయి. మిగిలిన ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, గట్టిపడ్డాక ఉండలు చేసి 180 డిగ్రీల దగ్గర పెడితే కుకీలు ఆకారం నిలబెట్టుకున్నాయి. ఈ ఒక్క వాక్యం డబ్బా మీద ఉండి ఉంటే నా సగం కిట్ దక్కేది.

మార్ష్‌మెలోలను పిండిలోనే కలిపేయమన్న సూచన కూడా సరైనది కాదు. ముద్ద అంచున ఉన్నవి కరిగి కారి, ట్రేకు పాకంలా పట్టుకున్నాయి. రెండో విడతలో, కుకీలు దాదాపు ఉడికాక, చివరి మూడు నిమిషాలకు పైన అద్ది ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో) పై కడ్డీ మాత్రమే వేస్తే అవి కొద్దిగా ఉబ్బి, అంచులు గోధుమరంగుకు తిరిగాయి. ఛెనాపోడ (పాలవిరుగుడుతో కాల్చి చేసే ఒడియా మిఠాయి) అడుగున మాడిన చక్కెర రుచి ఎరిగిన మన బరంపురంవారికి ఆ వాసనను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. కింద వాటాలోని ఒడియా పిన్నిగారు మెట్లెక్కి వచ్చి ఏం మాడుతోందని అడిగారు.

మార్ష్‌మెలోల విషయంలో మా అత్తయ్యగారి మొదటి ప్రశ్న, పొట్లం మీద పచ్చచుక్క ఉందా అని. సాధారణ మార్ష్‌మెలోలలో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది, ఇందులో మాత్రం శాకాహార జిగురు వాడి పచ్చచుక్క వేశారు. శాకాహారుల ఇంటికి ఈ కిట్ కొనడానికి గట్టి కారణం ఇదే. అయితే గతంలో నేను వాడిన జెలటిన్ రకం సాగినట్టు ఇది సాగదు, చల్లారితే కాస్త నమలవలసి వస్తుంది.

చాక్లెట్ చిప్స్ నాణ్యమైనవి, వనస్పతి కొవ్వు కలిపిన కాంపౌండ్ కాదు. కోకో వెన్న దాదాపు 34 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి దారిలో కరిగి మళ్ళీ గడ్డకట్టి తెల్లటి పొర కట్టి వచ్చాయి. అది బూజు కాదు, తినడానికి హాని లేదు, కాని 450 రూపాయలు పెట్టిన మనిషికి చూడగానే మనసు చివుక్కుమంటుంది. వేసవిలో పంపేటప్పుడు చల్లని పొట్లం ఒకటి జతచేయడం కంపెనీకి పెద్ద ఖర్చు కాదని నా అభిప్రాయం.

ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను, అందులో ఒకటి ఆ పచ్చచుక్కకు. ఆ పట్టింపు లేనివారు మైదా, వెన్న, చిప్స్, డైజెస్టివ్ పొట్లం విడిగా కొనుక్కుంటే ఇంతకంటే చౌకలో రెట్టింపు కుకీలు అవుతాయి. కిట్టే కావాలనుకుంటే వానాకాలం కూడా గడిచాక తెప్పించండి: గోపాల్‌పూర్ సముద్రపు తేమకు మూత బిగించిన డబ్బాలో కూడా మార్ష్‌మెలోలు మర్నాటికి జిగటగా మారి, కుకీలన్నీ ఒకే ముద్దగా చేతికి వచ్చాయి.