ఆపరేషన్ అయితే ఇన్‌హేలర్ పారేయొచ్చట! బెంగళూరు తెలుగువాళ్ళూ, ఈ ప్యాకేజీతో జాగ్రత్త

మారతహళ్లి, సిల్క్ బోర్డు మధ్య రింగు రోడ్డు మీద తిరిగేవాళ్ళకి ఆ హోర్డింగు కొత్తగా చెప్పక్కర్లేదు. పేరు రాయను. రాస్తే లాయరు నోటీసు ఖర్చు కూడా మన బిల్లులోనే కలుపుతారు. బరువు తగ్గే ఆపరేషన్, ఒకటే రేటు, కింద "షుగర్, బీపీ, ఉబ్బసం మూడింటికీ సెలవు". ఆ మూడో ముక్క కోసమే ఈ పోస్టు.

నిన్న అక్కడి నుంచి మా పేషెంటు డిశ్చార్జి కాగితం చేతికొచ్చింది. ఆపరేషన్ అయి మూడో రోజు. అందులో "ఆస్తమా: తగ్గిపోయింది" అని టైపు కొట్టి ఉంది! మందుల పట్టీలో రోజూ రెండు పూటలా పీల్చే ఫొరాకార్ట్ లేదు. మూడు రోజుల్లో తగ్గిన బరువేమీ ఉండదు, ఎక్కించిన సెలైన్‌కి కాస్త పెరిగే ఉంటుంది. ఉబ్బసం మాత్రం మాయం. ఇదేంటని అడిగితే డాక్టరు రాలేదు, ప్యాకేజీ అమ్మిన కౌన్సెలరు వచ్చింది. ఫోన్లోంచి తలెత్తకుండా, "మా దగ్గర చేయించుకున్నవాళ్ళు ఇన్‌హేలర్ వాడరు సార్. మీరు వాడితే మా ఆపరేషన్ మీద మీకే నమ్మకం లేనట్టు" అంది. వీల్‌చైర్లో ఉన్న పేషెంటు ఛాతీలో పిల్లికూతలు అక్కడ నిలబడ్డ అందరికీ వినబడుతున్నాయి. ఆమెకొక్కదానికే వినబడలేదు.

తిట్టుకోవాల్సింది మమ్మల్ని మేమే. స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) గ్రాఫు చదవడం వచ్చినవాళ్ళం, ఆఫర్ ఈ నెలాఖరు దాకానే అనగానే టోకెన్ కట్టేశాం.

వాళ్ళు చెప్పేది పూర్తిగా అబద్ధమైతే ఎవరూ పడరు. సగం నిజం. పొట్ట, ఛాతీ మీద కొవ్వు ఊపిరితిత్తుల్ని కింద నుంచి నొక్కుతుంది. గాలి వదిలాక లోపల మిగలాల్సిన గాలి తగ్గి, చివరి సన్న గొట్టాలు మూసుకుపోతుంటాయి. కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ లాంటివి వాపుని పెంచుతాయి. ఇలాంటి ఉబ్బసం ఎక్కువగా పెద్దయ్యాక, ఆడవాళ్ళలో మొదలవుతుంది. ఐజీఈ (రక్తంలో అలర్జీని చూపించే పదార్థం) మామూలుగానే ఉంటుంది, పీల్చే స్టెరాయిడ్‌కి అంతగా లొంగదు. ఈ రకానికి బరువు తగ్గితే నిజంగానే మేలు. 5 నుంచి 10 శాతం తగ్గినా తేడా తెలుస్తుంది, దానికి ఆపరేషనే అక్కర్లేదు.

చిన్నప్పటి నుంచి తుమ్ములు, దద్దుర్లతో వచ్చే అలర్జీ ఉబ్బసం వేరు. బెంగళూరు పుప్పొడికి, వయ్యారిభామకి రెచ్చిపోయేది అదే. 2011లో అమెరికాలోని వెర్మాంట్ యూనివర్సిటీవాళ్ళు ఆపరేషన్‌కి ముందు, 12 నెలల తర్వాత ఊపిరి గొట్టాలు చిన్నదానికే బిగుసుకుపోయే గుణం కొలిచారు. ఐజీఈ మామూలుగా ఉన్నవాళ్ళలో అది తగ్గింది, ఎక్కువున్నవాళ్ళలో ఆ మేలు కనబడలేదు. ఐజీఈకి చేసేది ఒక్క రక్తపరీక్ష. లక్షల ప్యాకేజీలో అదే లేదు, ఫ్రీ యోగా మ్యాట్ మాత్రం ఉంది.

ఇంకో లెక్క 2015లో వచ్చింది. 2,261 మంది ఉబ్బసం పేషెంట్లలో ఎమర్జెన్సీకి పరిగెత్తినవాళ్ళు, ఆస్పత్రిలో చేరినవాళ్ళు కలిపి ఆపరేషన్‌కి ముందు ఏడాది సుమారు 22 శాతం, తర్వాతి ఏడాది 10.9. సగం తగ్గడం గొప్పే. మిగతా సగం మందికి ఇన్‌హేలర్ పారేయమని చెప్తారా?

స్పైరోమెట్రీ కూడా చేయలేదు. ఒట్టి లావు వల్ల ఆయాసమైతే మొదటి సెకనులో ఊదే గాలి (ఎఫ్ఈవీ1), మొత్తం ఊదే గాలి (ఎఫ్‌వీసీ) రెండూ సమానంగా పడతాయి, వాటి నిష్పత్తి మామూలుగానే ఉంటుంది. ఉబ్బసమైతే గొట్టాలు తెరిచే సాల్బుటమాల్ పీల్చాక ఎఫ్ఈవీ1 కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరగాలి. ఇది చూడకుండా "తగ్గిపోయింది" అని రాయడమంటే జ్వరం కొలవకుండా జ్వరం పోయిందనడమే.

వాళ్ళు చేసే స్లీవ్ ఆపరేషన్ సంగతి మరీ దారుణం. జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి సన్న గొట్టంలా మిగులుస్తారు. అందులో ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి తన్నుతుంది. ఆ ఆమ్లమే రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు రేపుతుంది. అందుకే గుండెమంట ఉన్న ఉబ్బసం మనిషికి ముందు ఎండోస్కోపీ చేసి, అవసరమైతే బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగుకి అతికే ఆపరేషన్) గురించి మాట్లాడాలి. ఇక్కడ అందరికీ ఒకటే కొలత చొక్కా. బైపాస్‌లోనూ మెలిక ఉంది: తరచూ ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ మాత్ర) మింగేవాళ్ళకి అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఎక్కువ.

ఆ ప్రెడ్నిసొలోన్ గురించి మత్తు డాక్టరు కాగితంలో ఒక్క ప్రశ్న లేదు. గత ఆరు నెలల్లో రెండు వారాలకి మించి మింగితే ఆపరేషన్ సమయంలో హైడ్రోకార్టిజోన్ ఇవ్వాలి, లేకపోతే బీపీ పడిపోవచ్చు. ఆపరేషన్ రోజు పొద్దున కూడా ఇన్‌హేలర్ పీల్చే వెళ్ళాలి.

"ఉబ్బసం ఉంది కదా, ఇన్సూరెన్స్ వస్తుంది" అన్నారు, అదీ బోగస్. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 ప్రామాణిక నిబంధనలో బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) కనీసం 40 ఉండాలి, లేదా కనీసం 35 ఉండి తోడు జబ్బు ఉండాలి. ఆ జబ్బుల జాబితా: ఊబకాయం వల్ల గుండె కండరం దెబ్బతినడం, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ యాప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), అదుపు తప్పిన టైప్ 2 షుగర్. ఉబ్బసం అందులో లేదు.

ఇప్పటికే చేయించుకున్నవాళ్ళు ఇన్‌హేలర్ ఆపకండి. ఛాతీ డాక్టరు చూసి, మూడు నెలలు అదుపులో ఉంటే స్టెరాయిడ్ మోతాదు 25 నుంచి 50 శాతం తగ్గిస్తారు, మళ్ళీ మూడు నెలలు చూస్తారు. బరువు తగ్గడానికే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, ఉబ్బసానికి మూడు రోజులేంటి? ఇంట్లో ఒక పీక్‌ఫ్లో మీటరు (గాలి ఎంత వేగంగా ఊదగలరో చూపే పరికరం) పెట్టుకోండి.

రెండో సలహాకి నిమ్హాన్స్ దగ్గర రాజీవ్ గాంధీ ఛాతీ రోగాల సంస్థ ఉంది, సర్కారుదే. కేసు కాగితాలు రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది డాక్టర్ల నియమావళి, మేం ఈ పొద్దునే అడిగాం. వినియోగదారుల ఫిర్యాదుకి 1915. ఇంకా టోకెన్ కట్టనివాళ్ళు, "ఇన్‌హేలర్ అక్కర్లేదు" అన్న మాటని లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి ఇమ్మనండి.