నిక్ డ్రేక్ ఊరికి వెళ్తున్నారా? టూర్ వద్దు, రైలెక్కండి

మనిషికి 65 పౌండ్లు, ఇద్దరికి 130. మన డబ్బుల్లో రూ.14 వేల పైమాటే. "నిక్ డ్రేక్ ఇల్లు, సమాధి, జీవితం, అన్నీ మూడు గంటల్లో" అని, ఆ ఇంగ్లిష్ గాయకుడి పేరు చెప్పి బర్మింగ్‌హామ్‌లో ఒక ప్రైవేటు టూరువాళ్లు వసూలు చేసింది ఇది. ఇల్లు చూపించడమంటే సందు మలుపులో వ్యాన్ ఆపి, దిగొద్దని చెప్పి, అదిగో అని వేలు చూపించడం. సమాధి దగ్గర పది నిమిషాలు. రాయి వెనక వైపు చూడమని ఒక్క ముక్క చెప్పలేదు, అసలు చూడాల్సింది అక్కడే. అతని 'పింక్ మూన్' ఆల్బమ్ మొత్తం కంఠతా వచ్చిన మా వదిన తిరుగుదారిలో నోరు విప్పలేదు. మర్నాడు రైల్లో మళ్లీ వెళ్లాం. రానుపోను టికెట్ మనిషికి 10 పౌండ్ల లోపే.

నిక్ డ్రేక్ 1948 జూన్ 19న రంగూన్‌లో పుట్టాడు. తండ్రి రాడ్నీ అక్కడ బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌లో ఇంజనీరు. తల్లి మాలీ స్వయంగా పాటలు కట్టేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఢిల్లీలో తలదాచుకున్నప్పుడు ఆమె, ఆమె సోదరి కలిసి ఆలిండియా రేడియోలో పాడారు. మాలీ ఇంట్లో పియానో మీద పాడుకున్న పాటలు 2013లో ఆల్బమ్‌గా వచ్చాయి. అవి విన్నాక కొడుకు బాణీలు ఎక్కడివో ఎవరూ చెప్పక్కర్లేదు. 1950ల మొదట్లో కుటుంబం ఇంగ్లండ్ తిరిగొచ్చి, వార్విక్‌షైర్‌లోని టాన్‌వర్త్ ఇన్ ఆర్డెన్‌లో ఫార్ లీస్ అనే ఇంట్లో స్థిరపడింది. నిక్ పెరిగింది ఆ ఇంట్లోనే, 1974 నవంబరు 25న, 26 ఏళ్లకే, డిప్రెషన్ మందు మోతాదు మించి చనిపోయిందీ ఆ ఇంట్లోనే. ఇప్పుడది వేరేవాళ్ల సొంత ఇల్లు. గేటు దగ్గర నిలబడి ఫొటోలు తీయడం మర్యాద కాదు. ఇల్లు చూపిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

టాన్‌వర్త్‌కు వెళ్లాలంటే బర్మింగ్‌హామ్ మూర్ స్ట్రీట్ స్టేషన్‌లో స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్ వైపు వెళ్లే రైలెక్కి డాంజీలో దిగాలి. అరగంట పైచిలుకు ప్రయాణం. డాంజీ రిక్వెస్ట్ స్టాప్, అడగకపోతే రైలు ఆగదు. ఎక్కగానే గార్డుకు చెప్పండి. వుడ్ ఎండ్ దాటాక వచ్చే స్టేషనే డాంజీ, కాబట్టి వుడ్ ఎండ్‌లోనే లేచి తలుపు దగ్గరికి వెళ్లండి. డాంజీలో టికెట్ కౌంటరు గానీ, టాక్సీ గానీ ఉండవు. ఊరు ఒక మైలు దూరం, గుట్ట మీదికి ఎక్కుడు. దారి సన్నం, పక్కన ఫుట్‌పాత్ లేదు, మలుపుల్లో కార్లు జోరుగా వస్తాయి. ఎదురొచ్చే వాహనాలు కనబడేలా కుడి అంచున నడవండి. వాన పడితే అంచంతా బురదే, మామూలు చెప్పులు పనికిరావు.

సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చి ఊరి నడిబొడ్డునే ఉంది. ఆవరణలో పెద్ద ఓక్ చెట్టు కింద చిన్న రాయి కనబడుతుంది. నిక్ అస్థికలు అక్కడే పూడ్చారు, తర్వాత అమ్మానాన్నలు కూడా ఆ చోటికే చేరారు. ముందువైపు పేరు, 1948-1974, ప్రేమతో గుర్తుంచుకుంటామన్న మాట ఉంటాయి. చాలామంది దాన్నే ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. వెనక్కి వెళ్లి వంగి చూడండి. 'ఫ్రమ్ ద మార్నింగ్' పాటలోని మాటలు చెక్కి ఉన్నాయి: ఇప్పుడు మేం లేస్తాం, అంతటా మేమే ఉంటాం. 'పింక్ మూన్' ఆల్బమ్‌లో ఆఖరి పాట అది, అంటే బతికుండగా వచ్చిన చివరి ఆల్బమ్‌లో చివరి పాట. అక్షరాల గాడిలో నాచు పట్టి ఉంటుంది, గోటితో గీకకండి. రాయి మీద అభిమానులు గిటార్ పిక్‌లు వదిలి వెళ్తుంటారు. చెట్టు బెరడు మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

బస పక్కనే ఉన్న హెన్లీ ఇన్ ఆర్డెన్ అనే ఊళ్లో: గది 88 పౌండ్లు, టిఫినుతో కలిపి, శుభ్రం. ఆ ఊరి ఐస్‌క్రీమ్‌కు మంచి పేరుంది, నిజంగానే బావుంది. వదిన ముఖం మళ్లీ వికసించింది అక్కడే.

కేంబ్రిడ్జ్ కోసం ఒక రోజు ఖర్చు పెట్టక్కర్లేదు. నిక్ అక్కడ ఫిట్జ్‌విలియం కాలేజీలో చేరాడు గానీ, డిగ్రీకి తొమ్మిది నెలల ముందు వదిలేశాడు. లండన్‌లో మాత్రం చెల్సీలోని ఓల్డ్ చర్చ్ స్ట్రీట్‌కి వెళ్లండి. సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్ నుంచి పావుగంట నడక, పైసా ఖర్చు లేదు. పాతకాలం పాలడెయిరీ భవనం, గోడ మీద ఆవు తల బొమ్మ ఉంటుంది. సౌండ్ టెక్నిక్స్ స్టూడియో నడిచింది అక్కడే. 1969లో వచ్చిన 'ఫైవ్ లీవ్స్ లెఫ్ట్' జో బాయిడ్ నిర్మాణంలో అక్కడే రికార్డయింది. అందులో 'రివర్ మ్యాన్' లెక్క మన ఖండచాపులా ఐదు. తాళం వేస్తూ వింటే వెంటనే పట్టుబడుతుంది. 'పింక్ మూన్'ను 1971 అక్టోబరులో రెండు రాత్రుల్లో, ఇంజనీరు జాన్ వుడ్ ఒక్కడే తోడుగా రికార్డు చేశారు. మొత్తం 28 నిమిషాలు, గొంతూ గిటారే. పియానో వినిపించేది టైటిల్ పాటలో మాత్రమే. గిటార్ వాయించేవారు ఆ పాటకు బరువు తీగ నుంచి సి-జి-సి-ఎఫ్-సి-ఇ శ్రుతి చేసి, రెండో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ నొక్కిపెట్టే బిగింపు) పెట్టాలి. మామూలు శ్రుతిలో ఎంత ప్రయత్నించినా ఆ నాదం రాదు. వేదిక మీద నిక్ పాటపాటకూ ఇలా శ్రుతి మార్చుకుంటుంటే జనం విసుక్కునేవారు. బతికుండగా వచ్చిన మూడు ఆల్బమ్‌లూ అప్పట్లో ఐదేసి వేలు కూడా అమ్ముడుపోలేదంటారు. 1999లో ఫోక్స్‌వాగన్ కారు ప్రకటనలో 'పింక్ మూన్' వినబడ్డాకే అమెరికాలో జనం వెతుక్కుంటూ కొన్నారు. పెద్దయ్యాక అతను కదులుతుండగా తీసిన వీడియో ఒక్కటీ లేదు. అందుకే ఈ చోట్లకు ఇంత విలువ.

తిరుగు ప్రయాణంలో డాంజీలో ప్లాట్‌ఫారం అంచున కనబడేలా నిలబడి, రైలు దూరంగా ఉండగానే చెయ్యెత్తండి. బెంచీ మీద కూర్చుంటే డ్రైవరు ఆపడు. సర్వీసులు గంటకొకటి చొప్పునే. వెళ్లేముందే ఆ రోజు టైంటేబుల్ చూసుకోండి.