బంకరా, నకళ్లా? ఆపత్కాలంలో ప్రభుత్వాన్ని నడిపించేది ఏది?

యుద్ధమో పెను విపత్తో వచ్చిపడినా ప్రభుత్వం ఆగిపోకుండా ఉండాలంటే దారులు ముఖ్యంగా రెండు. నాయకులనూ ముఖ్య అధికారులనూ ఒకే దుర్భేద్యమైన చోటికి చేర్చడం మొదటిది. అధికారాన్నీ రికార్డులనూ సిబ్బందినీ ముందే పలుచోట్ల సర్దిపెట్టడం రెండోది. నా ఓటు రెండోదానికే.

మొదటిదాని గురించి చెప్పాలంటే గ్రీన్‌బ్రయర్ గుర్తుకొస్తుంది. అమెరికా కాంగ్రెస్ సభ్యుల కోసం వెస్ట్ వర్జీనియాలోని ఈ విలాసవంతమైన హోటల్ కింద 1950ల చివర్లో బంకర్ తవ్వడం మొదలుపెట్టారు. దాని ప్రదర్శనశాలలో అతిథులు సమావేశాలు జరుపుకునేవారు, పక్కనున్న తెర వెనుక అణుదాడిని తట్టుకునే తలుపు ఉందని వారికి తెలియదు. బంకర్‌ను చూసుకునే సిబ్బంది హోటల్ టీవీలు బాగుచేసేవారిగా చలామణి అయ్యారు. దాదాపు ముప్పై ఏళ్లు ఇలా సిద్ధంగా ఉంచాక, 1992లో వాషింగ్టన్ పోస్ట్ రహస్యాన్ని బయటపెట్టింది. దాంతో అది మూతపడింది.

గుట్టు ఒక్కసారి రట్టయితే అన్నేళ్ల ఖర్చూ వృథా. అంతకన్నా పెద్ద చిక్కు ప్రయాణం. బాంబులు వేసే విమానాల కాలంలో గంటల వ్యవధి దొరికేది. ఖండాంతర క్షిపణికి అరగంట చాలు. ఆ అరగంటలో వందలాది ప్రజాప్రతినిధులు రాజధాని నుంచి సుమారు నాలుగు వందల కిలోమీటర్లు ఎలా వెళ్తారు? సైన్యానికి ఆదేశాలిచ్చే కొద్దిమందికి మాత్రం రక్షిత స్థావరం తప్పనిసరి. దాన్ని నేను కాదనను.

కానీ సామాన్యుడికి ప్రభుత్వమంటే పింఛను, ఆస్పత్రి, భూమి పత్రం, పుట్టిన తేదీ నమోదు. బంకర్ వీటిలో దేన్నీ కాపాడదు. 2011 సునామీలో జపాన్‌లోని ఒత్సుచి పట్టణం మేయర్‌నూ పలువురు ఉద్యోగులనూ పోగొట్టుకుంది. ఒత్సుచితో పాటు రికుజెన్‌తకాటా, ఒనగావా, మినమిసన్రికులలోనూ కుటుంబ నమోదు పుస్తకాల అసలు ప్రతులు పోయాయి. ఎవరు ఎవరి బిడ్డ, ఎవరికి వారసత్వం చెందుతుంది అని తేల్చేవి ఆ పుస్తకాలే. న్యాయ వ్యవహారాల కార్యాలయాల్లో నకళ్లు ఉండబట్టి వాటిని మళ్లీ తయారుచేయగలిగారు. అక్కడ నిలబడింది గోడ కాదు, వేరేచోట ఉన్న రెండో ప్రతి.

2007లో సైబర్ దాడులకు గురైన ఎస్టోనియా, పదేళ్ల తర్వాత లగ్జెంబర్గ్‌తో ఒప్పందం చేసుకుని కీలక సమాచారపు నకళ్లను అక్కడ పెట్టుకుంది. ఆ కేంద్రానికి రాయబార కార్యాలయం తరహా రక్షణ ఉంటుంది. ఉక్రెయిన్ 2022 ఫిబ్రవరిలో, రష్యా దాడికి వారం ముందు, ప్రభుత్వ సమాచారాన్ని విదేశాల్లోని సర్వర్లకు తరలించేందుకు వీలుగా చట్టం మార్చుకుంది. నకళ్లు పెరిగేకొద్దీ దొంగలకు దారులూ పెరుగుతాయన్న అభ్యంతరం నిజమే. అందుకే ఎక్కడ, ఎవరి కాపలాలో, ఏ చట్టం కింద అన్నది ముందే తేల్చుకోవాలి.

నకలు ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ సమాచార కేంద్రంలో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. ఆరు వందలకు పైగా ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. దానికి బయట నకలే లేదు. అంత ఆధునికమైన దేశంలో ఇలా జరగడం నన్ను నిజంగా కలవరపెట్టింది.

మనుషుల విషయమూ ఇంతే. అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం అత్యవసర విధులు 12 గంటల్లోపు మళ్లీ మొదలై కనీసం 30 రోజులు సాగాలి. అధికారి అందుబాటులో లేకపోతే ఎవరు సంతకం చేయాలో, ఆ తర్వాత ఎవరో రాతపూర్వకంగా ఉంటేనే అది సాధ్యం. ఆ ముగ్గురూ ఒకే అంతస్తులో కూర్చుంటే ఆ జాబితా ఉన్నా లేనట్టే.

నిధులు ఒక్కదానికే సరిపోతాయంటే ముందు ఖజానా, జనన మరణ నమోదు, భూమి రికార్డుల నకళ్లను దూరప్రాంతానికి చేర్చాలి. తర్వాత సంతకాధికారాల జాబితా. ఏడాదికోసారైనా ముందస్తు సమాచారం లేకుండా ప్రధాన కేంద్రాన్ని ఆపి, నకలు మీదనే ఒక రోజు పింఛన్లు చెల్లించి చూడాలి. బంకర్ పద్దు వీటన్నిటి తర్వాతే.