రేసు గుర్రంతో దాటిస్తామంటే కాగితాలు చూడండి: అనంతపురం నుంచి నా అనుభవం

అనంతపురం, కర్నూలు, కడప వైపు ఆడగుర్రాలు పెట్టుకున్నవాళ్ళు ఒకసారి చదవండి. నా డబ్బు ఎలాగూ పోయింది.

బెంగళూరులో పరుగు మాన్పించిన ఒక థరోబ్రెడ్ (రేసుల జాతి) ఆడగుర్రాన్ని కొన్నాను. దాని పాస్‌పోర్ట్ (గుర్తులన్నీ బొమ్మతో చూపే గుర్తింపు పుస్తకం), ఒంట్లో పెట్టిన మైక్రోచిప్ అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక పిల్ల తీసి మలక్‌పేటలోనో బెంగళూరులోనో పరిగెత్తించాలని ఆశ. కర్నూలు దగ్గర ఒక ఫారంలో రేసులు గెలిచిన మగగుర్రం ఉందని వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. దాటించడానికి, అంటే చూలు కట్టించడానికి, 45,000 రూపాయలు, మూడు వారాల మేతకు, సాలకు ఇంకో 12,000.

ఫారం ఆయన ఫోన్‌లో ‘నార్తర్న్ డాన్సర్ రక్తం అన్నా ఇది’ అన్నాడు. 1964లో కెంటకీ డెర్బీ గెలిచిన గుర్రం పేరు వినగానే నేను పడిపోయా. ఈ రోజు దాదాపు ఏ థరోబ్రెడ్ వంశం తిరగేసినా పైన ఎక్కడో ఆ పేరుంటుందని తర్వాత తెలిసింది. నా ఆడగుర్రం కాగితాల్లోనూ ఉంది! ముత్తాత సంగతి వదిలేసి, ఈ మగగుర్రం పిల్లలు ఎన్ని పరిగెత్తాయి, ఎన్ని గెలిచాయి అని అడగాల్సింది. తాను బాగా పరిగెత్తినంత మాత్రాన మంచి పిల్లల్ని ఇస్తుందని లేదు. పైగా మన జిల్లాల్లో నిలబెట్టిన మగగుర్రం దగ్గరికి వచ్చే ఆడగుర్రాలే తక్కువ. నాలుగైదు పిల్లలతో దాని సత్తా తేలేసరికి అది ముసలిదైపోతుంది.

జూలై ఆఖర్లో దాటించారు. ‘ఎప్పుడైతే ఏముందన్నా’ అన్నారు. చాలా ఉంది. చూలు సుమారు 11 నెలలు, అంటే ఈనేది జూన్‌లో. మన దేశంలో రేసుల లెక్కలో మాత్రం ప్రతి గుర్రానికీ జనవరి 1నే వయసు పెరుగుతుంది. జూన్ చివర పుట్టిన పిల్ల, అదే ఏడు జనవరిలో పుట్టిన పిల్లతో సమానమైన వయసు కింద పరిగెత్తాలి.

గ్లాండర్స్ పరీక్ష కాగితం కూడా వాళ్ళు అడగలేదు. మనుషులకూ సోకే జబ్బు అది. అప్పుడు పని సులువైందనే అనుకున్నా. నా గుర్రాన్ని అడగనివాళ్ళు ముందు వచ్చిన గుర్రాలను మాత్రం ఏం అడిగుంటారు?

అసలు దెబ్బ పిల్ల పుట్టాక తగిలింది. రేసుల్లోకి పోవాలంటే థరోబ్రెడ్ల పుట్టుక, వంశం నమోదు చేసే పుణేలోని స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియాలో పేరు ఎక్కాలి. కనుక్కుంటే, ఆ మగగుర్రం పేరు మీద నా ఆడగుర్రాన్ని దాటించినట్టు లెక్కే రాలేదు. తల్లినీ తండ్రినీ డీఎన్ఏతో సరిచూస్తారు కాబట్టి, ఎవరినో పట్టుకుని రాయించుకుందామంటే కుదరదు. ఇంజెక్షన్‌తో చూలు కట్టిస్తామన్నా ఒప్పుకోకండి. థరోబ్రెడ్లలో నేరుగా దాటించి తీసిన పిల్లనే రాసుకుంటారు.

అప్పుడు వాళ్ళు ఫోన్‌లో పంపిన పాస్‌పోర్ట్ ఫొటో బయటికి తీసి, ఫారంలో నేను తీసుకున్న ఫొటోల పక్కన పెట్టి చూశా. పాస్‌పోర్ట్ బొమ్మలో వెనక కాళ్ళు రెండూ తెల్లగా ఉన్నాయి. నేను చూసిన గుర్రానికి కుడి వెనక కాలు ఒక్కటే తెలుపు. బొమ్మలో నుదుట ఒక సుడి, నా ఫొటోలో రెండు. ఆ రోజు మా మామ నాతోనే ఉన్నాడు, సుడులు చూసి ‘మంచి జాతకం రా’ అన్నాడు కూడా. సుడులు చూడ్డం మనకు తాతల నాటి అలవాటే గానీ, పాస్‌పోర్ట్‌లో కూడా వాటిని గుర్తు పెట్టి చూపిస్తారని ఇద్దరికీ తెలీదు. పశువుల డాక్టర్ని తీసుకెళ్ళి చిప్ చదివించి ఉంటే అయిదు నిమిషాల పని. గట్టిగా అడిగితే ‘అసలు గుర్రం వేరే ఊర్లో ఉంది, దాని తమ్ముడితో దాటించాం’ అన్నాడు. ఆ తమ్ముడి కాగితాలు ఇంతవరకూ రాలేదు, డబ్బూ రాలేదు.

పిల్ల బాగానే ఉంది, ఉలవ గుగ్గిళ్ళు పెట్టడం మొదలెట్టాం. రేసుకు మాత్రం పనికిరాదు.

పోయిన వారం అదే ఫొటో మళ్ళీ వచ్చింది. గుర్రం పేరు మార్చారు, ఊరు కడప దగ్గర అని రాశారు. ముదురు ఎరుపు, కుడి వెనక కాలు తెలుపు, నుదుట పక్కపక్కన రెండు సుడులు. మీకూ వస్తే పోల్చుకోండి.