గేమ్ ఆడటానికి టీవీయా, మానిటరా?

మా పర్లాకిమిడిలో చాలా ఇళ్లలో పిల్లలు గేమ్ కన్సోల్‌ను హాల్లో ఉన్న పెద్ద టీవీకే తగిలిస్తారు. క్రికెట్ గేమ్‌లో బంతి దాటిపోయాక బ్యాట్ కదులుతుంది, తప్పు పిల్లాడిది కాదు. మామూలు మోడ్‌లో టీవీ బొమ్మకు మెరుగులు దిద్దుతూ ఒక్కోసారి 100 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం చేస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో అంటే ఆరు ఫ్రేములు! గేమ్ మోడ్ పెడితే ఆ మెరుగులు చాలావరకు ఆగి, కొత్త టీవీల్లో చాలావాటికి ఆ ఆలస్యం 20 మిల్లీసెకన్ల లోపుకు దిగుతుంది.

మానిటర్‌తో ఈ బాధ తక్కువే, కానీ నలుగురూ కూర్చుని చూడటానికి చిన్నది. మానిటర్ పెట్టె మీద '1 ఎంఎస్' (అంటే ఒక మిల్లీసెకను) అని రాసి ఉంటే అది పిక్సెల్ రంగు మారే వేగం, బటన్ నొక్కాక పట్టే ఆలస్యం కాదు.

పోటీలకు ఆడేవాడికి మానిటరే కొనండి. ఇంటిల్లిపాదికీ అయితే టీవీ చాలు, ముందు సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ వెతకండి.