ఎక్సోమ్ నెగెటివ్ వచ్చాక ఏది మేలు: పాత డేటా మళ్ళీ చూపించడమా, హోల్ జీనోమా, లాంగ్ రీడా?

పిల్లలకి ఏదో జన్యు జబ్బని డాక్టర్లకి గట్టి అనుమానం, ఎక్సోమ్ (జీన్లలో ప్రొటీన్ తయారీకి వాడే భాగాల్ని మాత్రమే చదివే టెస్టు) చేయించారు, ఎదురుచూసి ఎదురుచూసి చివరికి ఏమీ దొరకలేదని రిపోర్ట్ వచ్చింది. అక్కణ్ణుంచి ఒకరు డీఎన్ఏ మొత్తం చదివే హోల్ జీనోమ్ అంటారు, ఇంకొకరు డీఎన్ఏని పొడవాటి ముక్కలుగా చదివే లాంగ్ రీడ్ అంటారు, ఇంట్లోవాళ్ళకి దిక్కు తోచదు. ఈ డేటా రోజూ స్క్రీన్ మీద చూసే పని నాది, అందుకే ఒక్క విషయం వరకే చెప్తాను: జబ్బుకి కారణం జంపింగ్ జీన్ అయ్యుంటే, దాన్ని పట్టుకోడానికి ఈ మూడింట్లో ఏది ముందు, ఏది తర్వాత అని.

ముందు జంపింగ్ జీన్స్ అంటే ఏంటో రెండు మాటల్లో. డీఎన్ఏలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళి కూర్చునే ముక్కలివి. 1940ల్లో బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న గింజల రంగులు చూస్తూ వీటిని కనిపెట్టింది, నోబెల్ మాత్రం 1983లో వచ్చింది. మన జీనోమ్‌లో సగానికి కాస్త తక్కువ వీటి తాలూకు మిగుళ్ళే, దాదాపు అన్నీ చచ్చిపడున్నవే, ఇంకా కదిలేవి మూడు రకాలు. లైన్-1 సుమారు 6,000 డీఎన్ఏ అక్షరాల పొడవు, దానికి కావలసిన సరంజామా అదే తయారుచేసుకుంటుంది. ఆలూ 300 అక్షరాలే, లైన్-1 సరంజామా వాడుకుని బతుకుతుంది, కానీ పది లక్షలకి పైగా కాపీలున్నాయి. మూడోది ఎస్‌వీఏ, సుమారు రెండు వేల అక్షరాలు, ఇదీ లైన్-1 మీద ఆధారపడేదే. ఇవి జబ్బు తెప్పిస్తాయని మొదట తేలింది 1988లో, జన్యు శాస్త్రవేత్త హైగ్ కజాజియన్ టీమ్ 240 మంది హీమోఫీలియా-ఎ (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) పేషెంట్లని చూస్తే ఇద్దరికి ఫ్యాక్టర్ 8 జీన్ మధ్యలో లైన్-1 దూరి ఉంది, అమ్మానాన్నల్లో అది లేదు, కొత్తగా వచ్చి పడింది.

మరి రిపోర్ట్‌లో ఎందుకు రాదు అంటే, స్క్రీన్ మీద ఇది ఎలా ఉంటుందో చెప్తే అర్థమవుతుంది. మామూలు మెషిన్ డీఎన్ఏని 150 అక్షరాల ముక్కలుగా చదువుతుంది, ఆ ముక్కల్ని రీడ్స్ అంటాం, అవి బూడిద రంగు గీతల్లా ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. అక్షరం మారిన మ్యుటేషన్ అయితే నిలువుగా ఒక రంగు గీత కనిపిస్తుంది, ఎవరైనా పట్టేస్తారు. జంపింగ్ జీన్ దూరిన చోట మాత్రం సుమారు సగం రీడ్స్ ఒకే దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతాయి, ఆ తర్వాత ఆ జీన్‌కి సంబంధం లేని అక్షరాలు మొదలవుతాయి, ఒక పక్క ఏఏఏఏఏ అంటూ తోక, రెండో పక్క ఆలూ తల, ఓ పది పదిహేను అక్షరాలు రెండు పక్కలా రిపీట్. ఈ మూడూ ఒక్కచోట కనిపిస్తే ఇంక పెద్దగా సందేహం ఉండదు. కానీ మామూలు సాఫ్ట్‌వేర్ ఆ తెగిన చివరల్ని పట్టించుకోదు, దానికోసం మెల్ట్, స్క్రాంబుల్ లాంటి ప్రోగ్రామ్‌లు విడిగా నడపాలి, చాలా ల్యాబ్‌ల రొటీన్‌లో అవి ఉండవు.

అందుకే నా లెక్కలో మొదటి అడుగు పాత ఎక్సోమ్ డేటానే మళ్ళీ చూపించడం. కొత్తగా రక్తం తియ్యక్కర్లేదు, సీక్వెన్సింగ్ మళ్ళీ చెయ్యక్కర్లేదు, కంప్యూటర్ టైమ్, చూసే మనిషి టైమ్, అంతే. దీంతో ఎంతమందికి జవాబు దొరుకుతుందో కూడా దాచకుండా చెప్పాలి: బ్రిటన్‌లో పిల్లల ఎదుగుదల జబ్బుల మీద జరిగిన డీడీడీ అనే స్టడీలో 9,738 కుటుంబాల ఎక్సోమ్‌లు ఇలా వెతికితే నలుగురికి జబ్బుకి కారణం ఇదేనన్నట్టు తేలింది. నలుగురే. ఆశలు పెంచేసుకునే నంబర్ కాదిది, కానీ ఆ నాలుగు ఇళ్ళకీ అదే జవాబు, పైగా ఉన్న డేటాలోనే దొరికింది. రొమ్ము కేన్సర్ కుటుంబాల్లో కూడా ఇలాంటిదే ఉంది, పోర్చుగల్ మూలాలున్న వాళ్ళలో బీఆర్‌సీఏ2 అనే జీన్ మూడో ఎక్సాన్‌లో (జీన్‌లో ప్రొటీన్ తయారీకి వాడే ముక్కల్ని ఎక్సాన్లంటాం) ఆలూ దూరిన మ్యుటేషన్ తరతరాలుగా వస్తోంది, పాత పీసీఆర్ టెస్టులకి (ఒక డీఎన్ఏ ముక్కని కాపీలు తీసి చూసేవి) అది చిక్కేది కాదు, ప్రత్యేకంగా దానికోసమే వెతికితే తప్ప.

ఎక్సోమ్‌కి ఒక హద్దుంది, అది చూసేది జీనోమ్‌లో ఒకటి రెండు శాతమే, ఎక్సాన్లూ వాటి అంచులూ. ఎక్సాన్ల మధ్యలో ఉండే ఇంట్రాన్ లోపల దూరంగా కూర్చుంటే ఎన్నిసార్లు తిరగేసినా కనపడదు. అక్కడ హోల్ జీనోమ్ కావాలి. బాటెన్ అనే మెదడు జబ్బున్న ఒక పాప విషయంలో ఇదే జరిగింది, ఎంఎఫ్ఎస్‌డీ8 జీన్‌లో రెండు కాపీలూ చెడితేనే ఆ జబ్బు, టెస్టులో ఒక్క మ్యుటేషనే దొరికింది, రెండోది ఏదీ అంటే ఎక్కడా లేదు. బోస్టన్‌లో తిమోతీ యూ టీమ్ హోల్ జీనోమ్ చేసి చూస్తే ఇంట్రాన్‌లో ఒక ఎస్‌వీఏ కూర్చుని ఆర్ఎన్ఏ (జీన్ నుంచి తయారయ్యే కాపీ) అతుకుల్ని, అంటే ఎక్సాన్లు ఒకదానికొకటి కలిసే చోట్లని, పాడుచేస్తోంది. ఆ అతుకుని సరిచెయ్యడానికి ఆ ఒక్క పాప కోసమే మిలాసెన్ అనే మందు తయారుచేసి 2018లో మొదలుపెట్టారు. ఫిట్స్ తగ్గాయి, జబ్బు మాత్రం ఆగలేదు, పాప దక్కలేదు, కానీ కారణం తెలిస్తే మందుకి దారి ఉంటుందని అందరికీ తెలిసింది అక్కడే. అందుకే రెండు కాపీలూ చెడాల్సిన జబ్బులో, లక్షణాలు అచ్చంగా సరిపోయి ఒక్క మ్యుటేషనే దొరికిన వాళ్ళైతే నేను చెప్పిన వరస పక్కన పెట్టి నేరుగా హోల్ జీనోమ్‌కే వెళ్ళండి, వీలైతే అమ్మానాన్నల శాంపిల్స్‌తో కలిపి.

లాంగ్ రీడ్ మూడింట్లో బలమైనదే, సందేహం లేదు. ఒక్కో రీడ్ 15,000 నుంచి 20,000 అక్షరాలు వస్తుంది, ఇంకా పెద్దవీ వస్తాయి, మొత్తం లైన్-1 ఒక్క రీడ్‌లో అటూ ఇటూ పక్కలతో సహా కనిపిస్తుంది, ఊహించాల్సిన పని లేదు. ఫిలిప్పీన్స్‌లో పనాయ్ ద్వీపం మూలాలున్న మగవాళ్ళలో వచ్చే డిస్టోనియా-పార్కిన్సనిజం (కండరాలు మెలిపడి, కదలికలు దెబ్బతినే జబ్బు) చూడండి, టీఏఎఫ్1 జీన్ ఇంట్రాన్‌లో ఎస్‌వీఏ ఉంది, అందులో ఆరు అక్షరాల ముక్క ఎన్నిసార్లు రిపీట్ అయితే జబ్బు అంత చిన్న వయసులో మొదలవుతుంది. 150 అక్షరాల రీడ్స్‌తో ఆ రిపీట్లు లెక్కపెట్టలేం. అయినా మొదటి టెస్టుగా దీన్ని నేను చెప్పను, పొడవైన డీఎన్ఏ చెక్కుచెదరకుండా రావాలి కాబట్టి పాత శాంపిల్స్ చాలాసార్లు పనికిరావు, చేసే ల్యాబ్‌లు తక్కువ, ఖర్చు ఎక్కువ, దొరికినదాన్ని పోల్చి చూసుకోడానికి మామూలు జనాల లాంగ్ రీడ్ డేటా ఇంకా తక్కువే.

ఈ పోలిక ఎందుకంత ముఖ్యమంటే, వేల మంది మామూలు జనాల డీఎన్ఏ చదివిన 1000 జీనోమ్స్ ప్రాజెక్ట్ లెక్కలో ఒక మామూలు ఆరోగ్యవంతుడిలోనే రిఫరెన్స్‌లో (పోల్చడానికి అందరూ వాడే నమూనా జీనోమ్) లేని ఆలూలు 915 దాకా, లైన్-1లు 128, ఎస్‌వీఏలు 51 ఉంటాయి. ఏదో ఒకటి దొరకడం గొప్ప కాదు, అది ఏ జీన్‌లో ఉంది, ఇంట్లో ఇంకెవరికి ఉంది, ఆర్ఎన్ఏలో తేడా చూపిస్తోందా, పీసీఆర్‌లో మళ్ళీ కనిపించిందా, ఇవన్నీ తేలకుండా ఇదే కారణం అని ఎవరన్నా చెప్తే ఒప్పుకోకండి.

ఇప్పుడు పాత డేటా మళ్ళీ చూపించాలంటే ఒక చిక్కుంది. చాలామంది దగ్గర రిపోర్ట్ పీడీఎఫ్ ఒక్కటే ఉంటుంది, కొందరి దగ్గర వీసీఎఫ్ ఫైల్ ఉంటుంది, అది దొరికిన మార్పుల లిస్టు మాత్రమే, తెగిన రీడ్స్ అందులో ఉండవు, దానితో ఏమీ చెయ్యలేం. రీడ్స్ అన్నీ ఉండే ఫాస్ట్‌క్యూ గానీ బామ్ ఫైల్ గానీ కావాలని ల్యాబ్‌కి రాసి అడగండి. ల్యాబ్‌లు డేటాని ఎప్పటికీ ఉంచవు, గడువు దాటితే తీసేస్తాయి, టెస్టు చేయించి కొన్నేళ్ళయితే ఈ వారమే అడగండి.